బండలాగుడులో ఏటవాలు లాగుబలం, ఘర్షణ

కాడి కట్టిన ఎద్దుల జత ఒక రాతి దిమ్మెను నేల మీద నిర్ణీత వ్యవధిలో వీలైనంత దూరం ఈడ్చుకుపోయే బలప్రదర్శనకు కృష్ణా, గుంటూరు, ఖమ్మం ప్రాంతాలలో బండలాగుడు అనీ, రాయలసీమలో ఎక్కువగా రాతిదూలం లాగుడు అనీ పేరు. సంక్రాంతికీ, ఉగాదికీ, శివరాత్రికీ, ఊరి తిరునాళ్లకూ జరిగే ఈ పోటీలలో ఒంగోలు జాతి ఎద్దులదే పెద్దపీట. పళ్లను బట్టి జతలను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీసి, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని విభాగాలు చేసి, విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెంచుతారు. బరువును క్వింటాళ్లలో చెబుతారు, లాగిన దూరాన్ని అడుగులలో కొలుస్తారు. యాంత్రికశాస్త్రం దృష్టిలో ఇది గరుకు తలం మీద ఉన్న దిమ్మెను క్షితిజ సమాంతరానికి కొంత కోణంలో లాగడమనే సమస్య. పచ్చిక మీది రోలరును నెట్టడం కంటే లాగడం ఎందుకు తేలిక అన్న ప్రశ్న రూపంలో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన తెలుగువారికి ఇది పరిచితమే. అయితే పాఠ్యగ్రంథం లాగేవారిని బొమ్మలోంచి తీసివేసి, తాడు కొసన ఒక బాణం గుర్తును మాత్రమే మిగులుస్తుంది. ఆ బాణం స్థానంలో నేల మీద కాళ్లూనిన ఎద్దుల జతను నిలబెట్టి లెక్క వేసినప్పుడు, ఏటవాలు లాగుడు వల్ల కలిగే మేలు తాడులో కంటే గిట్టల కిందే ఎక్కువగా ఉన్నట్లు తేలుతుంది.

ఖమ్మం జిల్లాలో సత్తుపల్లికి చేరువగా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న వేంసూరు మండలం ఈ సమస్యను రెండు వైపుల నుంచీ చూడదగిన చోటు. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనలో దమ్మపేట, అశ్వారావుపేట మండలాలు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లగా వేంసూరు ఖమ్మంలోనే నిలిచింది. అటు ఉత్తరాన భద్రాచలం వైపు సాగే అడవి, ఇటు దక్షిణాన బండలాగుడుకు పేరుపొందిన కృష్ణా సీమ ఉన్నందువల్ల, పొలంలో కాడి లాగుడూ, అడవి అంచున మొద్దు ఈడ్పూ రెండూ ఈ ప్రాంతపు పనుల్లోనివే. నేల కూడా ఒకే తీరు కాదు: ఎర్ర చల్కా ఒకచోట, నల్లరేగడి ఇంకొకచోట కనిపించే ఈ జిల్లాలో ఒకే బండ, ఒకే జత, ఒకే గొలుసు నేల మారగానే వేరువేరుగా ప్రవర్తిస్తాయి.

బండ మీద పనిచేసే బలాలు

లాగుతున్న బండ మీద నాలుగు బలాలు ఉంటాయి. బండ బరువు నిట్టనిలువుగా కిందికి పనిచేస్తుంది. ఆ బరువుకు ఎదురుగా నేల బండను పైకి నెట్టే బలాన్ని అభిలంబ ప్రతిచర్య అంటారు. అభిలంబం అంటే తలానికి లంబంగా ఉన్నదని అర్థం. బండకూ నేలకూ మధ్య జారుడును అడ్డుకుంటూ వెనక్కి పనిచేసేది ఘర్షణ. నాలుగోది గొలుసులోని లాగుబలం, దీనినే తన్యత అని కూడా అంటారు. బండకు బిగించిన కొక్కెం నేలకు జానెడో మూరెడో ఎత్తులో ఉండగా, కాడి ఎద్దు మెడ మీద అంతకు మించిన ఎత్తులో ఉంటుంది కాబట్టి గొలుసు ఎన్నడూ నేలకు సమాంతరంగా ఉండదు, ముందుకు పోతూ పైకి లేస్తుంది. అటువంటి బలం ఒక్కటే అయినా రెండు పనులు చేస్తుంది: కోణపు కొసైనుకు అనుపాతంలో ఉండే క్షితిజ సమాంతర అంశం బండను ముందుకు లాగుతుంది, సైనుకు అనుపాతంలో ఉండే నిలువు అంశం బండ బరువులో కొంత భాగాన్ని నేల మీద నుంచి ఎత్తిపడుతుంది.

ఇక్కడ గుర్తించవలసింది ఏమిటంటే, ఘర్షణ బండ బరువును బట్టి కాక, బండా నేలా ఒకదానినొకటి ఎంత గట్టిగా అదుముకుంటున్నాయన్న దానిని బట్టి ఉంటుంది. బరువూ, అభిలంబ ప్రతిచర్యా సమానమన్న భ్రమ విద్యార్థులలో తరచుగా కనిపిస్తుంది. గొలుసు ఏటవాలుగా ఉన్నప్పుడు నేల మోసేది బరువులోంచి గొలుసు ఎత్తిపట్టిన భాగాన్ని తీసివేయగా మిగిలినది మాత్రమే. ఘర్షణను ఈ అభిలంబ ప్రతిచర్యతో భాగించగా వచ్చే సంఖ్య ఘర్షణ గుణకం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గియోమ్ అమోంతాన్ 1699లో ఈ అనుపాతాన్ని ప్రకటించాడు. షార్ల్ కూలుంబ్ 1781 నాటి తన గ్రంథంలో విస్తృతమైన ప్రయోగాలతో దానిని స్థిరపరచి, నిలకడగా ఉన్న వస్తువును కదిలించడానికి ఎదురయ్యే స్థైతిక ఘర్షణ, కదులుతున్న వస్తువు ఎదుర్కొనే గతిక ఘర్షణ కంటే సాధారణంగా ఎక్కువని చూపాడు. ఈ అనుపాతం ఎందుకు కుదురుతుందో చాలాకాలం తరువాత గాని తెలియలేదు: కంటికి నున్నగా కనిపించే తలాలు కూడా సూక్ష్మంగా చూస్తే గుట్టలూ గోతులే కాబట్టి అవి కొన్ని కొనల దగ్గర మాత్రమే తాకుతాయనీ, ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ కొనలు అణిగి నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుందనీ ఇరవయ్యో శతాబ్దం నడుమ బౌడెన్, టేబర్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు.

లెక్కలో చూసినప్పుడు

పది క్వింటాళ్ల బండను, అంటే 1,000 కిలోల ద్రవ్యరాశిని ఉదాహరణగా తీసుకోవచ్చు. గ్రానైటుతో చేసిన బండ ఇంత తూగాలంటే దాదాపు 1.2 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉండాలి. గురుత్వ త్వరణాన్ని 9.8గా తీసుకుంటే దాని బరువు 9,800 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే, నేలకు సమాంతరంగా లాగినప్పుడు బండ సాగిపోవడానికి 4,900 న్యూటన్లు కావాలి. గొలుసు కోణం పెంచితే కావలసిన లాగుబలాన్ని ఇలా కట్టవచ్చు: బరువును ఘర్షణ గుణకంతో గుణించి, దానిని కోణపు కొసైనుకు గుణకంతో గుణించిన సైనును కలపగా వచ్చిన మొత్తంతో భాగించాలి. ఈ విధంగా 10 డిగ్రీల దగ్గర 4,573, 20 డిగ్రీల దగ్గర 4,412, 30 డిగ్రీల దగ్గర 4,391 న్యూటన్లు వస్తాయి. 45 డిగ్రీలకు తిరిగి 4,620కి పెరిగి, 60 డిగ్రీలకు 5,252 అవుతుంది, అంటే సమాంతరంగా లాగడం కంటే ఎక్కువ శ్రమ.

తగ్గి మళ్లీ పెరిగే ఈ వరుసలో అన్నింటికంటే తక్కువ బలం సరిపోయే కోణం ఒకటి ఉంటుంది. దాని టాంజెంటు విలువ ఘర్షణ గుణకానికి సమానం. ఆ కోణాన్నే ఘర్షణ కోణం అంటారు. గుణకం 0.5 అయినప్పుడు అది 26.6 డిగ్రీలు, అక్కడ కావలసిన బలం 4,383 న్యూటన్లు. దీనిని కలనగణితం లేకుండా, గీతలతోనే రుజువు చేయవచ్చు. జారుతున్న బండ మీద అభిలంబ ప్రతిచర్యనూ ఘర్షణనూ కలిపి ఒకే బలంగా భావిస్తే, అది నిలువు రేఖ నుంచి ఘర్షణ కోణమంత వెనక్కి వాలి ఉంటుంది, దాని పరిమాణం మారినా దిశ మారదు. బరువు, ఈ మొత్తం ప్రతిచర్య, గొలుసు బలం మూడూ కలిసి ఒక త్రిభుజం కావాలి. వాటిలో బరువు పొడవూ దిశా స్థిరం, ప్రతిచర్య దిశ స్థిరం కాబట్టి, త్రిభుజాన్ని మూసే మూడో భుజం అతి చిన్నది కావాలంటే అది ప్రతిచర్య రేఖకు లంబంగా ఉండాలి. అంటే గొలుసు నేల నుంచి ఘర్షణ కోణమంతే పైకి లేవాలి. బండ నేలకు అంటుకొనే తడి రేగడి మీద, బరువుతో సంబంధం లేని పట్టు కొంత అదనంగా చేరుతుంది. అప్పుడు కావలసిన బలం పెరుగుతుంది గాని, లెక్కలో ఆ పట్టు భాజ్యంలో మాత్రమే కలుస్తుంది కాబట్టి, విచిత్రంగా, అనుకూలమైన కోణం అదే ఉండిపోతుంది.

నెట్టడం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వెనక నిలబడి 30 డిగ్రీల కోణంలో కిందికి వంగి నెట్టేవారి బలంలోని నిలువు అంశం బండను నేలకేసి మరింత అదుముతుంది. పై బండకే అప్పుడు 7,954 న్యూటన్లు కావాలి, అదే కోణంలో లాగడానికి సరిపోయే దానికి ఇది దాదాపు 1.8 రెట్లు. నెట్టే కోణం 63.4 డిగ్రీలు దాటితే ఎంత బలం పెట్టినా బండ కదలదు, పెట్టిన బలమంతా నేలను అదమడానికే పోతుంది.

గిట్టల కింద జరిగేది

పై లెక్కను అంతటితో ఆపితే, సమాంతరపు లాగుడుకూ మేలైన కోణానికీ మధ్య ఆదా పదకొండు శాతానికి మించదు. ఎద్దుల వైపు తిరిగి చూసినప్పుడు చిత్రం మారిపోతుంది. ఎద్దు బండను ముందుకు లాగాలంటే గిట్టలతో నేలను వెనక్కి నెట్టాలి, నేల ఎద్దును ముందుకు నెట్టాలి. ఈ ముందుకు నెట్టే బలం కూడా ఘర్షణే. బండ కింద శత్రువైన ఘర్షణ గిట్టల కింద ఆధారం. రెండింటి మధ్య గొలుసు చేసే మార్పు గమనించదగినది: బండ మీద నుంచి ఎత్తిన బరువు మాయం కాదు, న్యూటన్ మూడో నియమం ప్రకారం అదే పరిమాణంలో కాడిని కిందికి లాగి ఎద్దుల కాళ్ల మీదికి చేరుతుంది. దానితో బండ నేలను వదులుగా తాకుతుంది, గిట్టలు నేలను గట్టిగా పట్టుకుంటాయి.

జత బరువు కూడా 1,000 కిలోలే అనుకుందాం. గొలుసు సమాంతరంగా ఉంటే గిట్టలు 9,800 న్యూటన్ల బరువుతో నేలను అదుముతూ 4,900 న్యూటన్ల నెట్టుడు ఇవ్వాలి, అంటే గిట్టకూ నేలకూ మధ్య కనీసం 0.5 గుణకం ఉండాలి. లేకపోతే గిట్ట జారుతుంది, కండబలం ఎంత ఉన్నా వృథా. గొలుసు ఘర్షణ కోణంలో ఉంటే బండ కింద అభిలంబ ప్రతిచర్య 7,840కి తగ్గి, ఘర్షణ 3,920 అవుతుంది. ఎత్తిన 1,960 న్యూటన్లు కాళ్ల మీదికి చేరి గిట్టల ఒత్తిడి 11,760కి పెరుగుతుంది. ఇప్పుడు కావలసిన గుణకం మూడింట ఒక వంతు, 0.33. తాడులోని బలం పదో వంతు తగ్గితే గిట్టకు కావలసిన పట్టు మూడో వంతు తగ్గిందన్నమాట. పోటీలో బలం చాలినా కాలు జారితే జత ఓడిపోతుంది; అందుకే ఈ రెండో లెక్క మొదటిదాని కంటే ముఖ్యమైనది, పాఠ్యగ్రంథాలలో దానికి చోటు లేకపోవడం లోటే.

నిజమైన కట్టులో కోణం 26 డిగ్రీలకు చేరదు. కాడి ఎత్తు 1.3 మీటర్లు, కొక్కెం ఎత్తు 30 సెంటీమీటర్లు, రెంటికీ మధ్య దూరం 4 మీటర్లు అనుకుంటే గొలుసు లేచే కోణం 14 డిగ్రీలు. లాగుబలం 4,490 న్యూటన్లు, గిట్టలకు కావలసిన గుణకం 0.40. గొలుసును రెట్టింపు పొడవు చేసి దూరం 8 మీటర్లకు పెంచితే కోణం 7 డిగ్రీలకు పడిపోయి, ఆ గుణకం 0.44కి చేరుతుంది. గొలుసు కురచగా కట్టినకొద్దీ పట్టు పెరుగుతుందన్నది ఈ అంకెల అర్థం. దీనికి హద్దు పెట్టేది ఎద్దు మెడ. 14 డిగ్రీల దగ్గర కాడి ద్వారా జత మీద పడే అదనపు బరువు సుమారు 111 కిలోలు, ఒక్కొక్క మెడకు 55 కిలోల పైచిలుకు; 26.6 డిగ్రీల దగ్గర అది ఒక్కొక్క మెడకు 100 కిలోలు. కాడి రాపిడికి మెడ కాయ కాయడం, ఆ కాయ పగిలి పుండు పడడం సేద్యపు ఎద్దులకు వచ్చే బాధలే గనుక, తాడుకు మేలైన కోణం జంతువుకు మేలైన కోణం కాదన్న సంగతిని లెక్క కట్టేవారు మరువకూడదు. పైగా గొలుసు మరీ కురచైతే బండ అంచు వెనక కాళ్లకు తగిలే ప్రమాదం ఉంటుంది.

బండ కదిలే క్షణం

నిలిచి ఉన్న బండకు మొదటి కదలిక తేవడమే అన్నింటికంటే కష్టం. జత కాడిని ఎత్తుకోగానే గొలుసు వదులు తీరి బిగుస్తుంది. ఎద్దులు తల వంచి, మోపురాన్ని కాడికి ఆనించి, వెనక కాళ్లు మడిచి ముందుకు వాలుతాయి. గిట్టల కొనలు మట్టిలోకి దిగబడి వెనక చిన్న మట్టిగడ్డ లేస్తుంది. ఆ అరక్షణంలో లాగుబలం సున్నా నుంచి పెరుగుతూ ఉంటే స్థైతిక ఘర్షణ కూడా దానితో సమానంగా పెరుగుతూ, తన హద్దు వరకూ ఎదురు నిలుస్తుంది. ఈ హద్దును సీమాంత ఘర్షణ అంటారు. అది దాటగానే బండ ఒక్క ఊపుతో జరుగుతుంది, ఎదురుబలం గతిక ఘర్షణ స్థాయికి పడిపోతుంది. జోడులో ఒక ఎద్దు ముందు, ఒకటి వెనక ఎత్తుకుంటే కాడి వంకరపోయి, సీమాంతాన్ని దాటగల బలం ఒక్కసారిగా చేకూరదు. రెండూ ఒకే అదనులో కదిలేలా పట్టుబట్టి అలవాటు చేయడంలోని మర్మం ఇదే. మధ్యలో ఆగిన ప్రతిసారీ ఆ మొదటి మెట్టు మళ్లీ ఎక్కవలసిందే కాబట్టి, ఆగకుండా నెమ్మదిగా సాగే జత ఉరికి ఉరికి ఆగే జత కంటే ఎక్కువ అడుగులు తీయగలదు.

బండ నేల కరవడమనే మాటకూ యాంత్రిక వివరణ ఉంది. ఘర్షణ బండ అడుగున వెనక్కి, గొలుసు బలం కొంత ఎత్తులో ముందుకు పనిచేయడం వల్ల బండను ముందుకు బోర్లించే ప్రయత్నం ఒకటి పుడుతుంది. ఇలా తిప్పే ప్రభావాన్ని బల భ్రామకం అంటారు. దానికి విరుగుడు గొలుసు నిలువు అంశం, అది బండ ముందు అంచును పైకెత్తుతుంది. పై కొలతల బండకు 14 డిగ్రీల గొలుసు కట్టినప్పుడు బోర్లించే భ్రామకం 1,307 న్యూటన్ మీటర్లు, ఎత్తే భ్రామకం 653. మిగిలిన తేడా వల్ల నేల ప్రతిచర్య బండ నడుమ నుంచి ఏడున్నర సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. ముందు అంచు కింద ఒత్తిడి పెరిగి, మెత్తని మట్టిలో ఆ అంచు నాగటి కర్రులా దిగబడి మట్టిని ఎదర పోగుచేస్తుంది. ఆ పోగును తోయడానికయ్యే బలం ఘర్షణ గుణకం లెక్కలోకి రానిది. గొలుసు రేఖను వెనక్కి పొడిగిస్తే అది బండ అడుగుతలం నడిమి బిందువును తాకేలా కొక్కెం అమర్చినప్పుడు రెండు భ్రామకాలూ సరిపోయి, ఒత్తిడి అడుగంతటా సమంగా పరుచుకుంటుంది. కొక్కేన్ని వీలైనంత కిందికి బిగించడం, ముందు అంచును గుండ్రంగా చెక్కడం, దిగబడిన బండను గడ్డపారతో ముందు నుంచి ఎత్తి వదలడం ఈ ఒక్క దోషానికే చేసే మూడు చికిత్సలు.

శ్రమ విషయానికి వస్తే, 300 అడుగుల, అంటే 91.4 మీటర్ల దూరం లాగడానికి 14 డిగ్రీల గొలుసుతో అయ్యే పని సుమారు 398 కిలోజౌళ్లు, సమాంతరపు గొలుసుతో 448. సెకనుకు అర మీటరు వేగంతో సాగే జత ఈ పనిని దాదాపు మూడు అశ్వసామర్థ్యాల చొప్పున చేస్తుంది. దుక్కిలో రోజంతా నిలకడగా చేసే లాగుడుకు ఇది చాలా మించినది కాబట్టి కొద్ది నిమిషాలకు మించి నిలిచేది కాదు.

నేల, నీరు, వాలు

ఘర్షణ గుణకం రాతికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, అది బండా నేలా కలిసిన జంటకు చెందినది. పొడి ఇసుక బండ ముందు కుప్పపడి అడ్డుతగులుతుంది. కొద్దిగా తడిస్తే రేణువుల మధ్య నీటి వంతెనలు ఏర్పడి ఇసుక గట్టిపడుతుంది. ఎక్కువ తడిస్తే మళ్లీ జావలా మారి లోతుగా దిగబడుతుంది. క్రీస్తుపూర్వం 1900 ప్రాంతపు ఈజిప్టు అధికారి దెహూతిహోతెప్ సమాధి గోడ మీది చిత్రంలో 172 మంది ఒక పెద్ద విగ్రహాన్ని తాళ్లతో ఈడుస్తుండగా, దాని పాదాల దగ్గర నిలిచిన మనిషి ఎదుటి ఇసుక మీద నీరు పోస్తూ కనిపిస్తాడు. దీనిని చాలాకాలం పూజావిధిగా భావించారు. తగుపాటి తేమ ఉన్న ఇసుక మీద లాగుబలం దాదాపు సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. చల్కా నేలకు ఈ మాట కొంతవరకు వర్తిస్తుంది. బంకమట్టి పాలు ఎక్కువైన రేగడికి వర్తించదు; అక్కడ నీరు తగిలితే బండ అంటుకుంటుంది, గిట్ట జారుతుంది, అంటే పైన చెప్పిన రెండు ఘర్షణలూ ఒకేసారి ప్రతికూలమవుతాయి.

నేల ఎగువాలుగా ఉంటే బరువులో కొంత భాగం నేరుగా వెనక్కి లాగుతుంది. అప్పుడు కూడా మేలైన గొలుసు కోణం ఘర్షణ కోణమే, కాని దానిని క్షితిజ సమాంతరం నుంచి కాక వాలు తలం నుంచి కొలవాలి. కనీస బలం వాలు కోణాన్నీ ఘర్షణ కోణాన్నీ కలపగా వచ్చిన కోణపు సైనుతో బరువును గుణించినంత. కేవలం 5 డిగ్రీల ఎగువాలు మీద మన బండకు కనీస బలం 4,383 నుంచి 5,130 న్యూటన్లకు, అంటే 17 శాతం పెరుగుతుంది. పోటీ బరిని చదును చేయడంలో చూపే శ్రద్ధ అందువల్ల అలంకారం కోసం చేసేది కాదు.

అడవి అంచున నరికిన మొద్దును ఈడ్చేటప్పుడు ఇదే సూత్రం మరో రూపం తీసుకుంటుంది. మొద్దు పొడవైనది కాబట్టి దానిని మొత్తంగా ఎత్తనక్కరలేదు, ముందు కొసను లేపితే చాలు. సమంగా మందమున్న మొద్దు అయితే సగం బరువు లేపిన చోటుకు చేరి, నేలను రాసే వెనక కొస మీద మిగిలిన సగమే ఉంటుంది. 500 కిలోల మొద్దును పూర్తిగా నేల మీద పడవేసి లాగడానికి, గుణకం 0.5 అయితే, 250 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. ముందు కొస లేపితే 125 సరిపోతుంది. లేపిన 250 కిలోలను ఎద్దుల మెడల మీద మోపడం భారం గనుక, ముందు కొసను రెండు చక్రాల ఇరుసుకు గొలుసుతో వేలాడగట్టవచ్చు. అప్పుడు ఆ సగం బరువుకు ఎదురయ్యేది జారుడు ఘర్షణ కాదు, దానికంటే ఎంతో తక్కువైన దొర్లుడు ఘర్షణ. మెడ మీద పడేది కాడి బరువు, నొగ బరువు మాత్రమే.